నూరడుగుల బాట

ధర్మం తెలియక చెడినవారు లోకంలో అరుదు. తెలిసినదాన్ని మరచి చెడినవారే అధికం. మితంగా భుజించడం మేలని, అవసరానికి మించి పలకరాదని, కోపం ముందుగా కోపించినవానినే దహిస్తుందని ఎరుగని ఇల్లు ఏది? ముంగిట కూర్చున్న ముసలమ్మ మొదలు బడికి పోయే పిల్లవాని వరకు అందరికీ తెలిసిన మాటలివి. అయినా నేటి మనిషి నగరపు రొదలో వీటిని జారవిడుచుకొని, తిరిగి నేర్చుకొనడానికి కొండవాలులకు, సాగరతీరాలకు వెళుతున్నాడు. అక్కడ శిబిరాలు వెలిశాయి. చీనా దేశపు తావో మార్గమని ఒకరు, సమగ్ర స్వస్థత అని మరొకరు, ప్రాణశక్తి సాధన అని ఇంకొకరు ప్రారంభకులను చేరదీసి శ్వాసను, మౌనాన్ని, చికిత్సను బోధిస్తున్నారు. దీనిని పరిహసించడం వివేకం కాదు. పోయిన వస్తువును వెదకడం సైతం ధర్మమే. అయితే వెదకబోయేవాడు తాను పోగొట్టుకున్నదేమిటో ముందుగా తెలుసుకోవాలి. లేకపోతే ఇంట పారవేసుకున్న ఉంగరాన్ని ఏటిలో దేవులాడినట్లవుతుంది.

ఏకాంతవాసం ఉత్తరాంధ్రకు కొత్తది కాదు. శ్రీకాకుళం జిల్లా గార మండలంలో, వంశధార సముద్రాన్ని చేరబోయే ముందు, దాని దక్షిణపు ఒడ్డున శాలిహుండం కొండ ఉన్నది. మెట్లెక్కి పైకి పోతే ఎర్రని ఇటుకల వలయాలు, స్తూపాల పునాదులు, విహారపు గదుల ఆనవాళ్లు కనబడతాయి. వంశధార ఒడ్డునే పుట్టిన గిడుగు రామమూర్తి 1919లో ఈ శిథిలాలను గుర్తించి లోకానికి ఎరుకపరచాడు. క్రీస్తుకు పూర్వమే మొదలై వేయేళ్లకు పైగా ఈ కొండ మీద భిక్షువులు నివసించారు. ఈనాడు ఆ గదులలో పడుకునేది ఎండ. ఆ వాకిళ్లలో నడిచేది గాలి. నదీముఖం నుంచి వీచే ఉప్పుగాలి ఇటుక అంచును రేణువు రేణువుగా రాల్చుతూనే ఉన్నది. సమస్తమూ అనిత్యమని బోధించినవారి ఇల్లు, వారి తరువాత ఆ బోధను తానే కొనసాగిస్తున్నది.

ఆ భిక్షువుల వర్షావాసం ఎందుకు పుట్టినదో స్మరించదగినది. వానకాలంలో కూడా వారు ఊరూరా సంచరిస్తూ పచ్చని మొలకలను తొక్కుతున్నారని, నేలపై పాకే చిన్ని ప్రాణులను నలుపుతున్నారని ప్రజలు నొచ్చుకోగా, బుద్ధుడు ఆషాఢ పున్నమి దాటింది మొదలు మూడు నెలలు ఒకేచోట నిలవవలసినదని నియమించినట్లు వినయగ్రంథాలు చెబుతాయి. కనుక ఆ ఏకాంతానికి మూలం స్వసుఖాపేక్ష అనుకోరాదు, లోకవైముఖ్యం అని అంతకంటే అనుకోరాదు. తన అడుగు కింద ఒక మొలక నలగకూడదన్న కనికరమే దానికి బీజం. పాదానికి సంయమం నేర్పిన తరువాతనే మనసుకు సంయమం నేర్పారు. విశ్రాంతి కొరకు కొండకు పోయే నేటి సాధకుడు ఈ క్రమాన్ని తలచుకొనుగాక. తన ఉనికి వలన ఎవరు నలుగుతున్నారో విచారించని మౌనం, ఎంత దీర్ఘమైనా, కేవలం మాటలాడకపోవడమే.

ఆ మూడు నెలలకు ముగింపు ఎలా ఉండేదో అంతకంటే స్మరణీయం. వర్షావాసం పూర్తయిన నాడు భిక్షువులంతా ఒక్కచోట చేరేవారు. ప్రతివాడూ చేతులు జోడించి, తనలో ఎవరైనా దోషం చూచి ఉంటే, విని ఉంటే, శంకించి ఉంటే దయతో తెలుపవలసినదని సంఘాన్ని అర్థించేవాడు. వయోవృద్ధుడు మొదట అడిగేవాడు. పిన్నవాడు చివర అడిగేవాడు. దానికి ప్రవారణ అని పేరు. ఈనాటి శిక్షణ ప్రమాణపత్రంతో ముగుస్తుంది. ఆనాటి సాధన తన తప్పును తాను అడిగి తెలుసుకొనడంతో ముగిసేది. ఒకటి గోడకు వ్రేలాడుతుంది, మరొకటి హృదయంలో దిగుతుంది. మూడు నెలల వర్షావాసం ముగిసేవేళ పలికే మాట ఆత్మస్తుతి కాకుండా దోషభిక్ష కావడం కంటే సాధనకు సాఫల్యం ఏముంటుంది?

శాలిహుండంలోని శాలి అంటే వరి. ఊరి పేరులోనే ధాన్యపు వాసన ఉన్నది. కొండ మీద ధ్యానం సాగినన్ని దినాలూ కొండ కింద పొలంలో నాగలి సాగినది. భిక్షాపాత్రలోని అన్నం ఎవరో మోకాలిలోతు బురదలో నాటినది. మౌనంగా కూర్చున్నవానికి ఆ మౌనం శ్రమించేవారు ఇచ్చిన ఋణమని మరువరాదు. హైదరాబాదులో 1976లో నెలకొన్న ధమ్మఖేత్త విపశ్యనా కేంద్రంలో పదిదినాల సాధనకు రుసుము లేదు. ముందు సాధన చేసి మేలు పొందినవారి దానమే వెనుక వచ్చేవారికి అన్నమవుతుంది. ఏకాంతం సొంత ఆస్తి కాదన్న స్మృతి అక్కడ నియమంగా నిలిచినది. ధనమిచ్చి కొన్న ఏకాంతంలోనూ ఋణం ఉండనే ఉంటుంది. వంట చేసినవారి చేతికి, గది ఊడ్చినవారి నడుముకు, ఇంట తన పని కూడా నెత్తిన వేసుకున్న భార్యకో తమ్మునికో వెల ఎవరు కట్టగలరు?

విజయనగరానికి చేరువలో, నెల్లిమర్ల మండలంలో, రామతీర్థం ఉన్నది. అక్కడి గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలు, దుర్గకొండ గుహలో జైన తీర్థంకరుల మూర్తులు, దిగువన రామాలయం ఒకే చూపులో ఇముడుతాయి. రాజరాజనరేంద్రుని తండ్రి అయిన తూర్పుచాళుక్య రాజు విమలాదిత్యుని కాలంలో, 11వ శతాబ్దారంభాన, ఆ రాజుకు గురువైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడు ఆ కొండకు వచ్చి నమస్కరించినట్లు అక్కడి శాసనం తెలుపుతుంది. రాజ్యమేలే ప్రభువు వంగి మ్రొక్కే గురువు, తాను మాత్రం పూర్వులు తపించిన శిలకు వంగినాడు. పెద్దరికం పెరిగేకొద్దీ వంగవలసిన చోట్లు పెరుగుతాయేగాని తరగవు. నేడు అక్కడ ఆ రాజు లేడు, ఆ గురువు లేడు. వంగిన సంగతి ఒక్కటే రాతిలో మిగిలినది.

క్రీస్తుశకం 7వ శతాబ్దంలో చీనా యాత్రికుడు హ్యుయాన్ త్సాంగ్ కళింగం మీదుగా పోయాడు. పదికి పైగా సంఘారామాలు, అయిదువందల మంది భిక్షువులు, నూరు దేవాలయాలు ఉన్నాయని, అన్యమతస్థులలో నిర్గ్రంథులైన జైనులే అధికులని వ్రాసుకున్నాడు. దానితోపాటు జనం నోట విన్న ఒక కథను కూడా పదిలపరచాడు. పూర్వం కళింగం జనసమ్మర్దంతో కిటకిటలాడేదట. బాటసారుల భుజాలు రాసుకొనేవట, బండ్ల ఇరుసులు ఒరుసుకొనేవట. నిటారైన కొండ మీద పంచసిద్ధులు పొందిన ఋషి ఒకడు తపస్సు చేసుకుంటూ ఉండేవాడు. కాలక్రమాన అతని శక్తులు సన్నగిల్లాయి. జనం చులకన చేశారు. ఆ అవమానాన్ని సహించలేక ఋషి శపించగా పిన్నా పెద్దా అనకుండా దేశవాసులంతా నశించారు. అందువల్లనే ఈ దేశంలో జనం పలుచగా ఉన్నారని యాత్రికునికి స్థలజ్ఞులు చెప్పారు.

ఆ కథ కళింగులది. కనుక కళింగంలో పుట్టినవారు దానిని మరువరాదు. ఏండ్ల తరబడి ఏకాంతం అనుభవించినవాడు ఒక్క పరిహాసానికి నిలువలేకపోయాడు. ఆకాశగమనం అబ్బినది, అవమానసహనం అబ్బలేదు. గాలిని బంధించగలిగినాడు, నాలుకను బంధించలేకపోయాడు. అతని తపస్సు అంతా కోపానికి ఇంధనంగా పోగుపడి, ఒక్క నిప్పురవ్వతో ఊళ్లకు ఊళ్లను కాల్చినది. సాధన ఇచ్చే శక్తి కత్తి వంటిది. శాంతమనే ఒర లేనివాడు దానిని ధరించడం తనకూ ఇరుగుపొరుగుకూ చేటు. శిబిరం నుంచి ఇల్లు చేరిన సాధకుడు మరునాటి ఉదయం కాఫీ ఆలస్యమైనదని ఇల్లాలిపై గర్జిస్తే, ఆ పంచసిద్ధుల ఋషికీ అతనికీ శక్తిలోనే భేదం, స్వభావంలో లేదు.

హ్యుయాన్ త్సాంగ్ 645లో స్వదేశానికి చేరిన పిమ్మట, కామరూప రాజు భాస్కరవర్మ తావో మార్గపు మూలపురుషుడైన లావో త్జు గ్రంథాన్ని సంస్కృతంలో కోరగా, 647లో చీనా చక్రవర్తి ఆ అనువాదభారాన్ని అతనికే అప్పగించాడు. తావో పండితులతో కలిసి కూర్చున్నప్పుడు మొదటి పదం వద్దనే వివాదం పుట్టినది. తావో అన్నదానికి బోధి అనే మాటను వాడవలెనని వారన్నారు. మార్గం అన్న మాటే తగునని అతడు పట్టుబట్టాడు. పండితుల వాదం ఎటు ముగిసినా, ఆ మాట సామాన్యునికి ఉపకరిస్తుంది. బోధి అన్నప్పుడు చేరుకున్న భావం కలుగుతుంది. మార్గం అన్నప్పుడు నడవవలసిన బాధ్యత కలుగుతుంది. మార్గం మీద ఇల్లు కట్టుకునేవాడు తానూ నడవడు, వెనుక వచ్చేవారిని నడవనివ్వడు. శిబిరం ఒక చలివేంద్రం. దప్పిక తీర్చుకొని సాగిపోవడమే చలివేంద్రానికి చేసే గౌరవం.

ఆ తావో మార్గంలో ఏకాంతానికి, స్వస్థతకు ఆదిలో ఉన్న సంబంధం వినదగినది. 2వ శతాబ్దం చివర చీనాలోని హాన్‌జోంగ్ ప్రాంతంలో తావో గురువులు ఒక జనసమాజాన్ని నడిపారు. రోగిని ముందుగా నిశ్శబ్దమైన గదిలో కూర్చుండబెట్టి, తన దోషాలను తలచుకొమ్మనేవారు. ఆ దోషాలను మూడు పత్రాల మీద వ్రాసి ఒకటి ఆకాశానికి, ఒకటి భూమికి, ఒకటి నీటికి నివేదించేవారు. బాటసారుల కొరకు దారి పొడవునా సత్రాలు నిలిపి, ఆకలికి తగినంత ఆహారం ఉచితంగా పెట్టేవారు. చిన్న తప్పు చేసినవాడు నూరు అడుగుల బాటను బాగుచేస్తే ఆ దోషం తొలగినట్లే భావించేవారు. మార్గాన్ని ఉపాసించేవారు ప్రాయశ్చిత్తంగా మార్గాన్నే మరమ్మతు చేయించారు. చేతిలో పలుగు పట్టించి, పరుల కాళ్లకు గుచ్చుకొనే రాళ్లను ఏరించారు. గదిలోని మౌనం దోషాన్ని చూపేది, బాట మీది చెమట దానిని కడిగేది. రెండూ కలిస్తేనే స్వస్థత సంపూర్ణం.

దేహసాధనను కించపరచడం ఈ మాటల ఉద్దేశం కాదు. చీనాలోని మవాంగ్‌దుయ్ వద్ద 1973లో తవ్విన సమాధిలో పట్టు వస్త్రం మీద చిత్రించిన నలభై నాలుగు మానవాకృతులు దొరికాయి. ఒళ్లు విరుస్తూ, వంగుతూ, ఊపిరిని నడుపుతూ ఉన్న ఆ ఆకృతులను క్రీస్తుపూర్వం 168లో భూమిలో నిక్షేపించారు. దేహం ధర్మసాధనకు పనిముట్టు. పనిముట్టును పదును పెట్టుకొనడం ఉచితమే. కాని తావో గ్రంథాలలో అగ్రగణ్యమైన జువాంగ్ త్జు గ్రంథమే ఒక హెచ్చరిక చేస్తుంది. ఎలుగులా వ్రేలాడి, పక్షిలా మెడసాచి, ఊపిరులు ఊది ఆయుష్షు పెంచుకొనేవారిని, నదీతీరాలకు పోయి తీరిక అనుభవించేవారిని అది వేరువేరుగా పేర్కొని, ఏటి ఒడ్డు లేకుండానే నెమ్మది గలవాడు, ఆసనాలు లేకుండానే నిండుగా జీవించేవాడు ఉత్తముడని సూచిస్తుంది. పదును పెట్టడమే పనిగా పెట్టుకున్న రైతు కొడవలి అరిగిపోతుంది. చేను కోత లేకుండా నిలిచిపోతుంది.

ఆయుష్షు మీది ఆశ ఎంతటి అంధత్వమో ఆ దేశపు చరిత్రే సాక్ష్యమిస్తుంది. మృత్యువును జయిస్తామని పాదరసంతో, ఇంగిలీకంతో చేసిన రసాలను సేవించి తాంగ్ చక్రవర్తులు ముజోంగ్ 824లో, వుజోంగ్ 846లో ముప్ఫై ఏళ్ల ప్రాయం అటూ ఇటుగానే మరణించారు. అమృతమని త్రాగినది విషమైనది. వారికి అయిదు వందల ఏండ్ల ముందే గే హోంగ్ అనే తావో పండితుడు వేరొక లెక్క చెప్పి ఉన్నాడు. భూమి మీద సిద్ధుడుగా మనదలచినవాడు మూడు వందల సత్కార్యాలు చేయాలట. స్వర్గం చేరదలచినవాడు పన్నెండు వందలు చేయాలట. పదకొండు వందల తొంభై తొమ్మిది చేసి ఒక్క దుష్కార్యం చేసినా అంతా తుడిచిపెట్టుకుపోయి లెక్క మొదటికి వస్తుందట. రసాన్ని నమ్మినవారు ఆ లెక్కను మరిచారు. మందు వెల చెల్లించగలిగినవారికి మంచితనపు వెల భారమైనది.

దేహబలపు పరిమితిని తెలుసుకొనడానికి చీనా వరకు పోనక్కరలేదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తినాయుడు శాకాహారి, ప్రాణాయామ సాధకుడు, విజయనగరంలో వ్యాయామవిద్యను నేర్పినవాడు. ఇనుప గొలుసులను ఛాతీ పొంగించి తెంచినవాడని, రొమ్ము మీద ఏనుగును నిలిపినవాడని దేశదేశాలలో పేరు పొందాడు. కలియుగ భీముడని ప్రజలు పిలిచారు. అంతటివాని కాలిని చివరకు ఒక పుండు కబళించినది. కాలు తీసివేయవలసి వచ్చినప్పుడు మత్తుమందు వద్దని, ప్రాణాయామంతో ఊపిరిని నిలిపి శస్త్రచికిత్సకు సమ్మతించాడని చెబుతారు. 1942లో ఆ దేహం రాలిపోయినది. గొలుసును తెంచిన బలం కంటే, కత్తి కింద కదలక పడుకున్న ధైర్యమే ఆయన సాధనకు పరమఫలం. వైద్యుని చేతికి దేహాన్ని అప్పగించి, తన వంతు సంయమాన్ని తాను పాటించిన వివేకం అందులో ఉన్నది. సాధన వైద్యానికి శత్రువు కాదని ఆ మహాబలుడు నేలబడి బోధించాడు.

పరుల దేహాన్ని బాగుచేయ పూనుకొనేవారు ఈ సంగతిని మరింత గాఢంగా తలచాలి. హ్యుయాన్ త్సాంగ్‌కు సమకాలికుడైన సున్ సిమియావో తావో సాధకుడు, మహావైద్యుడు. మనిషి ప్రాణం వేయి బంగారు నాణేల కంటే విలువైనదన్న భావంతో తన వైద్యగ్రంథానికి పేరు పెట్టి, వైద్యుని ధర్మాన్ని అందులో నిర్ణయించాడు. ధనికుడని, దరిద్రుడని, మిత్రుడని, శత్రువని, స్వదేశి అని, పరదేశి అని చూడక రోగిని సొంత బంధువుగా తలచాలని, ఆకలిదప్పులు లెక్కింపక సాగాలని, కీర్తికి, సంపదకు ఆశపడరాదని అతని ఉపదేశసారం. అంతటివాడు దీర్ఘకాలం చదివి, పరీక్షించి, వృద్ధుడై చెప్పిన మాటలివి. పదిదినాల శిక్షణ పొందిన ప్రారంభకుడు ఊరు చేరగానే పరులకు చికిత్స మొదలిడడం, ఈత చూచి వచ్చినవాడు వరదలో మునిగేవానిని రక్షించబోవడం వంటిది.

ప్రకృతిలో పుట్టినదంతా మేలే చేస్తుందన్న భ్రమ కూడా విడువదగినది. బెల్జియంలో బరువు తగ్గడానికి చీనా మూలికలు సేవించిన స్త్రీలలో మూత్రపిండాలు చెడిపోయినట్లు 1993లో వైద్యులు ప్రకటించారు. ఒక మూలికకు బదులు చేరిన అరిస్టలోకియా జాతి మొక్క దానికి కారణం. మన గ్రామాలలో ఈశ్వరి అని పిలిచే మొక్క కూడా ఆ జాతిలోదే. మూత్రపిండాల వ్యాధి అంటే ఏమిటో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రజలకు వేరే చెప్పనక్కరలేదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో కొబ్బరితోటల నీడన, జీడితోటల నడుమ ఎందరో వారానికి రెండు మూడు మార్లు డయాలసిస్ యంత్రం పక్కన గంటల తరబడి పడుకుంటున్నారు. ఎన్నేళ్ల పరిశోధన జరిగినా కారణం ఇదమిత్థమని తేలలేదు. అటువంటి రోగి చెంతకు పోయి, మందు మాని మూలికను నమ్ముకొమ్మని చెప్పే నోటికి సంయమం అత్యవసరం. తెలియనిచోట మౌనం వహించడమే మౌనవ్రతాలన్నింటిలో గొప్పది.

అయితే రోగికి ప్రారంభకుడు చేయగలిగినది ఏదీ లేదా? తప్పక ఉన్నది. అతిసారంతో తన మలంలో తానే పడి ఉన్న భిక్షువును బుద్ధుడు చూచి, ఆనందునితో నీళ్లు తెప్పించి, స్వయంగా కడిగి, మంచం మీదికి చేర్చిన కథ అందరూ విన్నదే. అక్కడ మంత్రం లేదు, మహిమ లేదు. నీళ్లు, చేతులు, దయ ఉన్నాయి. ఉత్తరాంధ్ర పల్లెలో జ్వరపడిన బిడ్డ పక్కన రాత్రంతా మేలుకొన్న తల్లిని చూచితే చాలు. తడిగుడ్డ నుదుట వేస్తుంది. చోడి అంబలిని పలుచగా కాచి చెంచాతో నోటికి అందిస్తుంది. దీపం తగ్గించి బిడ్డ రొమ్ము మీద చేయి ఉంచి, వచ్చే ఊపిరిని, పోయే ఊపిరిని ఒక్కటీ తప్పిపోకుండా వింటుంది. శ్వాసను గమనించడం ఎలాగో ఆమెకు ఎవరూ నేర్పలేదు. ప్రేమ గల చోట ఏకాగ్రత తానుగా వచ్చి కూర్చుంటుంది. శిబిరంలో తన ఊపిరిని వినడం నేర్చినవాడు ఇంట మరొకరి ఊపిరిని వినగలిగితే ఆ విద్య ఫలించినట్లు.

ఇల్లు విడిచి పోయేవాడు, తనకు పోయే వీలు కలిగినదే భాగ్యమని ఎరుగవలసి ఉన్నది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఎందరో కూలికై దూరనగరాలకు, చేపలవేటకై గుజరాత్ తీరానికి వలసపోతారు. ముసలివారినీ పసివారినీ విడిచి పోయే వారిది కూడా ఏకాంతమే. కాని దానిని వారు కోరుకోలేదు, ఆకలి విధించినది. కోరి ఏకాంతం పొందినవాడు, కోరక ఒంటరులైన వారిని తలచుకొని, తన ఇంట తనకై ఎదురుచూచే పనులను ముందుగా తీర్చిపోవడం న్యాయం. మంచాన పడిన తండ్రిని పరుల మీద విడిచి తన స్వస్థతను వెదకబోయేవాడు, విత్తనాలను అమ్మి ఎరువు కొనేవాడితో సమానం. స్వస్థత అనగానే, ఆరోగ్యం కొరకు తరతరాలుగా జనం వేడుకొనే అరసవిల్లి సూర్యభగవానుడు తలపుకు వస్తాడు. ఏటా మార్చిలో కొద్ది దినాలు, అక్టోబరులో కొద్ది దినాలు ఉదయకిరణాలు ఆలయద్వారాలను దాటి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఆరోగ్యప్రదాత అయిన ఆ దేవుడు సృష్టి మొదలు ఒక్క ఉదయమైనా ఏకాంతానికి పోలేదు. నియతమైన కర్మ నియమంగా చేయడంలోనే ఆయన తేజస్సు ఉన్నది. ఆరోగ్యాన్ని వేడుకొనేవారికి ఆయన ఇచ్చే మొదటి ఔషధం కూడా అదే.

కనుక మానవులారా, ఏకాంతానికి పోవడం తప్పు కాదు. తగిన ఋతువులో, తగినంత కాలం, తగిన వినయంతో పోవడమే మేలు. పోయిన చోట ఆహారాన్ని తగ్గించడంతోపాటు అభిప్రాయాలనూ తగ్గించుకొనుట ఉచితం. నాలుకను నిలిపినట్లే తీర్పును నిలపడం ఉచితం. తిరిగి వచ్చిన నాడు అనుభవాలను వర్ణించబోయే ముందు, ఇంటివారిని కూర్చోబెట్టి తన దోషమేదైనా చూచి ఉంటే తెలుపమని అడగడం ఉచితం. ఆ ప్రశ్న అడగడానికి గొంతు పెగలకపోతే ఏకాంతవాసం ఇంకా పూర్తి కాలేదని తెలుసుకోవాలి. ఆ జవాబు విని ముఖం చిన్నబోకపోతే సాధన మొదలైనదని తెలుసుకోవాలి.

2020లో, అప్పటికి విజయనగరం జిల్లాలో ఉన్న సాలూరు మండలంలో, కొదమ పంచాయతీ గిరిజనులు ఒక పని చేశారు. కొండల మీది ఆ గూడేలకు బాట లేదు. నొప్పులు పడే గర్భిణిని, జ్వరంతో సోలిన వృద్ధుని డోలీ కట్టి, భుజం మార్చుకుంటూ, రాళ్ల మీద పాదం వెదకుకుంటూ దిగువకు మోయవలసి వచ్చేది. ఎదురుచూచి విసిగిన ఆ ప్రజలు తమ కష్టార్జితాన్ని ఇంటింటా పోగుచేసుకొని కొండను తొలిచి బాట వేసుకున్నారు. తావో అన్న మాట వారు విని ఉండకపోవచ్చు. సమగ్ర స్వస్థత అన్న పేరు వారికి అక్కరలేదు. హాన్‌జోంగ్ గురువులు పద్దెనిమిది వందల ఏండ్ల కింద తప్పు చేసినవానికి విధించిన ప్రాయశ్చిత్తాన్ని వారు ఏ దోషమూ చేయకుండానే చేశారు. శాలిహుండం ఇటుక రాలిపోతున్నది. సిద్ధుల శక్తులు, చక్రవర్తుల రసాలు, భీమబలాలు రాలిపోయాయి. వానకు కొండబాట కూడా కోసుకుపోతుంది. కోసుకుపోయిన చోట మళ్లీ నాలుగు తట్టల మట్టి పోయడమే మనిషికి విధి. మౌనం నుంచి లేచినవాని చేతులు ఖాళీగా ఉన్నాయి. అతని ఎదుట నూరు అడుగుల బాట ఉన్నది.